తనిఖీ కోసం కడిగేసిన నీటికాకి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. కావలిలో ఒక కాలేజీ మ్యూజియంలో నేను ప్రిపరేటర్‌ని. అంటే, శిలాజానికి అంటుకున్న మట్టిని సూదితో, బ్రష్‌తో రవ్వ రవ్వగా తీసేవాణ్ణి. ఆ మట్టిని మేం మ్యాట్రిక్స్ అంటాం.

జువ్వలదిన్నె దగ్గర రొయ్యల గుంట తవ్వుతుంటే దొరికిందని, ఎండుచేపల పని చేసే రమణమ్మ గోనెపట్టాలో ఒక మట్టిపెళ్ల తెచ్చింది. అందులోంచి పొడవాటి పక్షి ముక్కు, పక్కటెముకలు కనబడుతున్నాయి.

"కడగలేదేం అమ్మా?" అన్నాను.

"అదేంది సార్! అది ఏం తినిందో చూడకముందే పొట్ట కడగతారా? చేపను కోసినా మేం ముందు లోపల చూసినాకే నీళ్లు పోస్తాం."

ముప్పై ఏళ్లుగా విద్యార్థులకు చెప్పలేక నేను చస్తున్న పాఠం అది!

నాలుగు నెలలు దాని ముందే కూర్చున్నాను. నీటికాకి వంటిదే, కానీ రెక్క ఎముక ఈనాటి నీటికాకుల దానికంటే పొట్టి, బాగా మందం. అంతరించిన జాతేనని, నేను పంపిన ఫొటోలు చూసిన పక్షి శిలాజాల నిపుణురాలు కూడా అన్నారు. పక్కటెముకల మధ్య మట్టిలో సన్నటి చేపముళ్లు ఉన్నాయి. "అది మింగిన చేపవో, పక్కన చచ్చిన చేపవో నేనొచ్చి చూస్తాను, అంతదాకా ముట్టుకోవద్దు" అన్నారావిడ. రమణమ్మ వారం వారం ఫోన్ చేసేది: "ఏం చేప తినింది సార్?"

నేను మనుబోలులో పెళ్లికి వెళ్లి రెండు రోజుల్లో తిరిగొచ్చాను. బీరువాలో పక్షి తళతళలాడుతోంది. కాలేజీకి తనిఖీ బృందం వస్తోందని ప్రిన్సిపల్ గారు బాత్‌రూమ్ యాసిడ్ పోయించి, రుద్దించి, పైన వార్నిష్ కొట్టించారు! ముళ్లన్నీ తూములో కలిశాయి.

"మట్టిముద్దను అద్దాల బీరువాలో పెడితే పరువేం కావాలి? పోయింది మట్టే కదండీ!" అన్నారు ప్రిన్సిపల్ గారు.

"మట్టి కాదు సార్, దాని కడుపు!" అని అరిచాను. ఒళ్లు మండిపోయింది. ఇంతా చేస్తే, తనిఖీకి వచ్చినవాళ్లు మ్యూజియం గుమ్మం కూడా తొక్కలేదు.

రమణమ్మ వచ్చి అద్దంలోంచి చాలాసేపు చూసింది. "కడిగినారా సార్? ఇంతమంది సదువుకున్నోళ్లు ఉండి?" అంది. బీరువాకు తాళం వేయకుండా వెళ్లింది నేనే. మట్టిని ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నాను. ఆ మాట ఆమెకు చెప్పి తల దించుకున్నాను.

మట్టి తీయడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎక్కడ తీయకూడదో అక్కడ చెయ్యి ఆపడమే నా వృత్తి అని అప్పుడు తెలిసింది. లేబుల్ మీద "చేపలు తినే పక్షి" అని రాయమన్నారు. నేను రాసింది ఇది: "తెచ్చి ఇచ్చినవారు రమణమ్మ. ఆహారం తెలియదు. కాలేజీ కడిగేసింది."

ఆ లేబుల్‌ను రెండుసార్లు పీకేశారు. మూడోసారి వార్నిష్ కొట్టి అతికించాను.