పోయిన చెవికి వినబడ్డది

దయ్యాలు, జిన్నులు అంటే నాకు నమ్మకం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. నేను కరీంనగర్ల ఒక జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్త. చిన్నప్పుడు మా ఇంట్ల ఎవరన్న జిన్నుల ముచ్చట తీస్తే నేను లేచి వేరే అర్రలకు పోయేదాన్ని. భయంతోని కాదు, విసుగుతోని. మేం ఇంట్ల మాట్లాడేది ఉర్దూ, నేను చదువుకున్నది తెలుగు మీడియం. అందుకే నాకు జరిగింది తెలుగుల రాస్తున్న. నమ్మమని ఎవ్వరినీ అడుగుత లేను.

ముందు చెవి సంగతి చెప్పాలె.

మా ఆయన అఫ్రోజ్, నేను సెలవులల్ల అండమాన్ పోయినం. అక్కడ స్కూబా డైవింగ్ చేయిస్తరు. ఈత రాకున్నా పరవాలేదు. వీపుకు గాలి సిలిండర్ కట్టి, ఒక శిక్షకుడు పక్కనే ఉండి సముద్రం కిందికి తీస్కపోతడు. పోయే ముందు అన్నీ చెప్పిండ్రు. కిందికి దిగుతుంటే చెవులల్ల ఒత్తిడి పెరుగుతది, ముక్కు మూసుకొని మెల్లగ గాలి ఊదితే చెవి తెరుచుకుంటది, తెరుచుకోకుంటే చెయ్యి ఊపండి, పైకి తీస్కొస్తం అన్నరు. ఈ ఒత్తిడి పాఠం నేను ఏటేటా పిల్లలకు చెప్పేదే. ఆ పొద్దు నాకు జర జలుబున్నది. అదొక లెక్కల విషయం అనుకోలే.

నీళ్ల కింద మాటలుండయి. శిక్షకుడు మనల్ని పిలవాల్నంటే ఒక ఇనుప కడ్డీతోని తన సిలిండర్ మీద కొడ్తడు. టంగ్, టంగ్ అని. గాలిల కంటే నీళ్లల్ల చప్పుడు శానా తొందరగ వస్తది కాబట్టి అది ఏ దిక్కుకెల్లి వచ్చిందో మన చెవులు పట్టుకోలేవు. తలకాయ లోపల్నే మోగినట్టు ఉంటది. రంగురంగుల చేపలు చూసుకుంట, ఆ చప్పుడు వినుకుంట కొంత లోతుకు పోయినం.

ఎడమ చెవి నొప్పి మొదలైంది. ముక్కు మూసి ఊదిన. తెరుచుకోలే. ఇంక గట్టిగ ఊదిన. లోపల ఏదో ఫట్‌మన్నది. ఆ తర్వాత సముద్రమంత గిర్రున తిరిగింది. నన్ను పైకి తెచ్చి పడవల పండబెట్టిండ్రు. సాయంత్రం దాకా వాంతులే.

చెవిల నీళ్లు ఆగినయనుకున్న. రెండు రోజులల్ల పోతయనుకున్న. కరీంనగర్ వచ్చినంక గుడ మందుల షాపుల చుక్కలు తీసుకొని వేసుకున్న. చెవుల డాక్టర్ దగ్గరికి పోయేసరికి ఆలస్యమైంది. ఆయన టార్చి పెట్టి చూసి, "చెవి పర్ద మానుతుందమ్మా, ఫికర్ లేదు. దెబ్బ తగిలింది లోపలి చెవికి. ఇసుంటిది అయిన రోజే రావాలె" అన్నడు. మందులిచ్చిండు, హైదరాబాద్ పంపిండు. అక్కడ గుడ అదే మాట. లోపలి చెవిల సన్నటి పొర చినిగింది, అందుల నరాలు పాడైనయి, ఇగ రావు అన్నరు.

పరీక్ష ఎట్ల చేస్తరో కూడా చెప్త, ఎందుకంటే తర్వాత అది అవసరం. మంచి చెవిల హోరు పెట్టి దాన్ని మూసేస్తరు. అప్పుడు పాడైన చెవిల ఒక్కొక్క చప్పుడే పెంచుకుంట పోతరు. వినబడంగనే బటన్ నొక్కాలె. నేను బటన్ పట్టుకొని కూసున్న. మిషన్ ఎంత గట్టిగ చేయగల్తదో అంత గట్టిగ చేసిండ్రు. నేను బటన్ నొక్కలే. గ్లాసు అవతల ఆ పరీక్ష చేసే అమ్మాయి నా దిక్కు చూసి తల దించుకున్నది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

ఒక్క చెవి పోతే ఏమైతది, ఇంకోటి ఉంది కద అంటరు. ఏమైతదంటే దిక్కు పోతది. చప్పుడు ఎటుకెల్లి వస్తుందో తెల్వాల్నంటే రెండు చెవులు కావాలె. రెండింటికి చేరే తేడాను బట్టే మెదడు లెక్క కడ్తది. అఫ్రోజ్ వంటింట్లకెల్లి పిలిస్తే నేను పడకగదిలకు పోతుంటి. ఫోన్ మోగితే ఇల్లంత తిరుగుతుంటి. రోడ్డు దాటాల్నంటే ఎవరన్న చెయ్యి పట్టుకోవాలె. క్లాసుల ఎడమ దిక్కు కూసున్న పిల్లలు "మేడం" అని పిలిచి పిలిచి ఊకున్నరంట. ఇరవై రకాల ప్రశ్నలు అడిగే పిల్లలు వాళ్లు. ఆ సంగతి తెల్సిన్నాడు నాకు అన్నం సయించలే.

మొదట్ల ఆ చెవిల కుక్కర్ ఆవిరి పోయినట్టు స్‌స్ అనేది. వినికిడి పోయినోళ్లకు అట్ల వస్తదని, మెదడే ఆ చప్పుడు పుట్టిస్తదని డాక్టర్ చెప్పిండు. మెల్లమెల్లగ అది గుడ తగ్గి ఆగిపోయింది. తర్వాత ఎడమ దిక్కు గోడ కట్టినట్టే ఉండె.

మరుసటి ఏడు చలికాలం కాగజ్‌నగర్ పోయినం, అమ్మీ, నేను. అమ్మీ తమ్ముడు, అంటే మా మాము, అక్కడ ఉంటడు. ఆయన బిడ్డ నాజియాకు పెండ్లి ఖాయం చేసే మంగ్నీ పెట్టుకున్నరు. పెద్దపల్లి దాకా బస్సు, అక్కడికెల్లి రైలు. మాము షుగర్ మనిషి గాని ఒక్క తీరుగ కూసోడు. షామియానా, కుర్చీలు, వంటోళ్లు, అన్నీ తానే చూసుకోవాలె.

మంగ్నీకి ముందు రోజు పగటి అన్నం తిన్నంక ఆయన బయటికి పోయిండు. బజారుకు పోయిండనుకున్నం. ఆడోళ్లమంత అరుగు మీద కూసొని ఎల్లిపాయలు ఒలుస్తున్నం. నాకు కుడి పక్క అమ్మీ, ఎదురుంగ మాము భార్య ముమాని.

అప్పుడు వినబడ్డది. టంగ్, టంగ్.

ఇనుము మీద ఇనుము. నాకు ఆ చప్పుడు తెల్సు. నీళ్ల కింద విన్నదే. మళ్లా చెవి మోగుడు షురువైందనుకొని ఎల్లిపాయలు ఒలుచుకుంటనే ఉన్న. గాని ఇది ఆవిరి తీరు లేదు. కొట్టుడు, ఆగుడు, మళ్ల కొట్టుడు. ఎవరో మనిషి కొడుతున్నట్టే ఉన్నది.

కుడి చెవిల వేలు పెట్టి గట్టిగ మూసిన. అమ్మీ మాటలు, పిల్లల లొల్లి, అంత బందయింది. టంగ్ టంగ్ మాత్రం అట్లనే ఉన్నది. ఎడమ చెవి మూసిన. తగ్గింది. వేలు తీసిన. పెరిగింది. ఒకటికి రెండుసార్లు చేసి చూసిన.

"అమ్మీ, ఎవరో ఇనుము కొడుతున్నరు. నీకు వినబడుతుందా?" అని అడిగిన.

అమ్మీ చెవి పెట్టి విన్నది. "లేదు బేటా. నీ చెవే అది. డాక్టర్ చెప్పిండు కద."

నేను లేచిన. అమ్మీ వెనకకెల్లి, "కాఁ జారీ గే ధూప్ మే?" ఎండల ఎటు పోతున్నవే అనుకుంట చెప్పులేసుకొని నా వెంట వచ్చింది.

ఇక్కడ నేను చెప్పేది నాకే అర్థం కాదు. చెవి పోయినప్పటి సంది ఏ చప్పుడుకూ నాకు దిక్కు లేదు. ఆ చప్పుడుకు ఉండె. ముఖం తిప్పితే మారుతుండె. ఇంటి ముంగట కుడికి మర్లితే సన్నగైంది. వెనక గల్లీకి మర్లితే స్పష్టంగ వచ్చింది. ఒక్కకాడ తప్పు పోతే దాదాపు ఆగిపోయింది, వెనకకు వస్తే మళ్ల దొరికింది. అమ్మీ నా చెయ్యి పట్టుకొనే ఉన్నది. ఆమె రెండు చెవులు మంచిగనే ఉన్నయి. ఆమెకు ఏం వినబడలే.

వెనక గల్లీ కొసకు ఒక ఖాళీ ఇల్లు. దాని ఓనర్లు ఎప్పుడో వేరే ఊరు పోయిండ్రు. గేటు దగ్గరికి వేసి ఉన్నది. పెరట్ల గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. గడ్డి నడుమ పాత నీళ్ల సంపు, పైన షాబాద్ బండలు కప్పి ఉన్నయి. అందుల ఒక బండ లేదు. దగ్గరికి పోయి వంగి చూసినం.

మాము లోపల ఉండె. గోడకు ఒరిగి, నడుము దాకా నీళ్లల్ల. తలకాయకెల్లి నెత్తురు కారి గడ్డం మీద ఎండిపోయింది. కండ్లు మూసుకొని ఉన్నయి. నేను చూసిన ఆ క్షణమే చప్పుడు ఆగింది.

పక్కింట్ల రాజన్న అని ఒకాయన ఉంటడు, మిల్లుల పని చేసి రిటైరైన మనిషి. నేను కేకేస్తే నిచ్చెన, తాడు పట్టుకొని ఉరికి వచ్చిండు. తనే లోపలికి దిగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిండు. "ఊపిరున్నది బిడ్డా. నువ్వు తాడు గట్టిగ పట్టు" అన్నడు. గల్లీల మగోళ్లందరు కలిసి పైకి తీసిండ్రు. మంచిర్యాల దవాఖానకు తీస్కపోయినం. సలి నీళ్లల్ల ఇంకొంచెం సేపు ఉంటే బతుకుడు కష్టమయ్యేదని అక్కడి డాక్టర్ చెప్పిండు.

మాముకు తెలివి వచ్చినంక అడిగితే, వంటోళ్లకు పొయ్యిలు పెట్టుకునేందుకు ఆ పెరడు సరిపోతదా అని చూడపోయిన అన్నడు. కాలు పెడితే బండ పలిగింది, అంతవరకే యాదికున్నదట. "మీరు దేంతోని కొట్టిండ్రు మాము?" అని నేను అడిగిన.

"నేనేడ కొట్టిన బేటా?" అన్నడు. ఆయన కుడి మణికట్టు విరిగింది. ఎడమ చెయ్యి ఒంటి కిందనే ఇరుక్కొని ఉండె. రాజన్న దాన్ని గుంజి తీస్తుంటే నేను చూసిన.

ఆయన ఫోన్ కోసం రాజన్న తర్వాత ఆ సంపు నీళ్లన్నీ తోడిపిచ్చిండు. నేను దగ్గరుండి చూసిన. ఫోన్ దొరికింది, ఒక చెప్పు దొరికింది, పలిగిన బండ ముక్కలు దొరికినయి. సంపు అంత ఇటుక, సిమెంటు. పైపు లేదు, మూత లేదు, మేకు గుడ లేదు.

"నువ్వు విన్నది ఇనుమేనా?" అన్నడు రాజన్న. అవునన్న. ఆయన ఓనర్లకు ఫోన్ చేసి, వారంల ఆ సంపును మట్టి పోసి పూడిపిచ్చిండు.

అఫ్రోజ్ అంటడు, మీ మాము మూలిగి ఉంటడు, నీ కుడి చెవి పట్టుకొని ఉంటది అని. కుడి చెవి మూసుకొని విన్నానంటే ముచ్చట మారుస్తడు. అన్నం తినేటప్పుడు మాము ఆ పెరటి ముచ్చట తీసి ఉంటడు, నా మనసుల పడి ఉంటది అని నేనే అనుకొని చూసిన. ముమానిని, నాజియాను అడిగిన. ఆయన ఎవ్వరికీ చెప్పలే. కరీంనగర్ డాక్టర్ అంత ఓపికగ విని మళ్లా పరీక్ష చేపిచ్చిండు. మంచి చెవిల హోరు పెట్టిండ్రు, పాడైన చెవిల చప్పుడు పెంచిండ్రు. నేను బటన్ పట్టుకొని ఎదురుచూసిన. ఏం వినబడలే. "లేని చప్పుడు వినబడొచ్చు మేడం, దానికి మా దగ్గర కారణం ఉన్నది. అది మిమ్మల్ని సరిగ్గ మనిషి దగ్గరికి ఎట్ల తీస్కపోయింది అంటే నా దగ్గర లేదు" అన్నడు.

అమ్మీ మాత్రం ఒక్కటే మాట. అల్లా పిలిచిండు, నువ్వు పోయినవు. దాని మీద ఆమెకు ఇంకో ఆలోచన లేదు. నాకు అంత తేలిక కాలే. ఆ చప్పుడు మళ్లెప్పుడూ రాలే.

ఈ మధ్య డాక్టర్ ఒక ఆపరేషన్ గురించి చెప్తుండు. లోపలి చెవిల సన్నటి తీగ పెడ్తరు. అది చప్పుడును నేరుగ నరానికి అందిస్తది. దిక్కు కొంత తెలుస్తది, క్లాసుల ఎడమ పక్క పిల్లలు పిలిస్తే పలుకొచ్చు. కాకపోతే తీగ పెట్టేటప్పుడు ఆ చెవిల సహజంగ మిగిలిన వినికిడి ఏమన్న ఉంటే అది పోవచ్చు. "మీ చెవిల పోనీకె ఏం లేదు కద మేడం" అని నవ్విండు. అఫ్రోజ్ రేపే తేదీ తీసుకుందాం అంటడు.

ఆపరేషన్ చేపిచ్చుకోవాల్నా అని మాముకు ఫోన్ చేసి అడిగిన. ఆయన ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తుండు. చేపిచ్చుకో అంటడనుకున్న. ఆయన మాత్రం, "నన్ను అడగకు బేటా. ఆ ఒక్కటి నన్ను అడగకు" అని ఫోన్ ముమాని చేతికిచ్చిండు.

నేనింకా తేదీ తీసుకోలే.