రెండేళ్ళు కదలని పగులు

2023 అక్టోబరు. ఉత్తర వేల్స్ కొండల్లో, మనుషులకన్నా గొర్రెలు, గొర్రెలకన్నా వాన చినుకులు ఎక్కువగా ఉండే ఒక లోయ. ఆ ఊరి పేరు మూడుసార్లు పలకబోయి మూడుసార్లూ నాలుక బెణికించుకున్నవాణ్ణి కనుక ఇక్కడ ‘లోయ’ అనే అంటాను. లోయ చివర ఒక గుట్ట. గుట్ట మీద ఏడు వందల ఏళ్ళ నాటి కోట శిథిలం. దాని కింద, ఆ కోట రాళ్ళే మోసుకొచ్చి కట్టిన చర్చి. ఆ చర్చి గంట గోపురానికి ఒక పగులు ఉంది. ఆ పగులే నా కేసు.

మాది బాపట్ల. ఉండేది బర్మింగ్‌హామ్‌లో. పాత కట్టడాల స్ట్రక్చరల్ ఇంజినీరుని, అంటే పడిపోయేలా ఉన్నవాటి దగ్గరికి వెళ్ళి ఎప్పుడు పడతాయో చెప్పేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్న నాకు ఎత్తంటే చచ్చేంత భయం. ఇంట్లో స్టూలెక్కి బల్బు మార్చాల్సి వస్తే మా ఆవిడ చుట్టూ దిండ్లు పరచి నిలబడుతుంది. ఆఫీసులో మాత్రం బైనాక్యులర్లు, డ్రోను ఫొటోలు, ‘ఇవాళ గాలి ఎక్కువగా ఉందండీ’ అనే ఒక్క మాటతో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

పగులు పెరుగుతోందా లేదా చూడటానికి మేము ‘టెల్‌టేల్’ అనే దాన్ని అతికిస్తాం. రెండు ప్లాస్టిక్ బిళ్ళలు, ఒకటి పగులుకు ఈ పక్కన, రెండోది ఆ పక్కన, మధ్యలో ఒకదానిమీద ఒకటి వచ్చేలా. కింది బిళ్ళ మీద మిల్లీమీటర్ల గళ్ళు, పై బిళ్ళ మీద ఎర్ర గీతల గుర్తు. అతికించిన రోజు గుర్తు సున్నా మీద ఉంటుంది. గోడ కదిలితే గుర్తు జరుగుతుంది. అంతే. ఎల్‌కేజీ పిల్లాడు కూడా చదవగలడు, అరవై రెండు మెట్లు ఎక్కగలిగితే.

ఆ మెట్లే నా బాధ. గోపురం లోపల ఇరుగ్గా, చకిలంలా చుట్టుకుంటూ పైకి పోయే రాతి మెట్లు. బిళ్ళలు అతికించిన పెద్దాయన రిటైరైపోయాడు. నెలనెలా రీడింగు తీసే పని నా నెత్తిన పడింది. నేను తెలివిగా ఒక ఏర్పాటు చేశాను. చర్చి బాగోగులు చూసే డెబ్భై నాలుగేళ్ళ వాలంటీరు మిసెస్ ప్రిచర్డ్ నెలకోసారి ఎక్కి ఫొటో తీసి ఈమెయిల్ చేస్తుంది. ఆవిడకోసం ఒక పేజీ సూచనలు రాసి పంపాను. ఆవిడ రెండేళ్ళు క్రమం తప్పకుండా ఫొటోలు పంపింది. ప్రతి ఫొటోలోనూ ఎర్ర గుర్తు సున్నా మీద. నేను ‘నో మూవ్‌మెంట్’ అని రాసి, కాఫీ తాగి, సంతకం పెట్టాను. అంత గాలిలో, అంత మంచులో వెంట్రుకవాసి కదలని గోపురమని మీటింగుల్లో గొప్పలు కూడా చెప్పాను.

ఫైలు మూసేముందు ఒక్కసారి బయటివైపు చూడాలి. ఒంటరిగా వెళ్ళకూడదని కంపెనీ రూలు. నాతో వచ్చింది శ్రీలత. హనుమకొండ పిల్ల, ముప్పై అయిదేళ్ళుంటాయి, రోప్ యాక్సెస్ చేస్తుంది. అంటే తాడుకు వేలాడుతూ గోడలు తనిఖీ చేయడం. మన ఇళ్ళల్లో వాళ్ళు ఊయల ఊగినంత సుఖంగా ఊగుతుంది.

పొద్దున మొదట కోట చూశాం. పొగమంచు మజ్జిగపులుసంత చిక్కగా ఉంది. అందులోంచి కోట గోడ సగం విరిగిన దవడలా పైకి లేచింది. శ్రీలత అంచుదాకా వెళ్ళి కిందికి తొంగి చూసింది. నేను అంచుకు పది గజాల ఇవతల బోర్లా పడుకుని, గడ్డి రెండు చేతులా పట్టుకుని, “రాతి స్వభావం పరిశీలిస్తున్నా” అన్నాను.

“పరిశీలించుండ్రి అన్నా. గొర్రె కూడా మిమ్మల్నే పరిశీలిస్తుంది” అంది.

పది గంటలకు చర్చి దగ్గర మిసెస్ ప్రిచర్డ్ ఎదురొచ్చింది. బక్కగా, నిటారుగా, చర్చిని తలుపు గొళ్ళెంతో సహా తళతళలాడించిన మనిషి. ఆవిడ ఇంగ్లీషును నా తెలుగులో చెబుతున్నాను. “ఈ లోయలో మీ సెల్‌ఫోన్లు పనిచెయ్యవు. పదకొండింటికి గంట కొడతాను. అప్పుడు టీకి రండి” అంది. నేను టీతో తినే బన్నుల్లాంటి స్కోన్లు కూడా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయంది. నా మొహం వెలిగింది.

శ్రీలత పైకెక్కి, గంటను మోసే ఓక్ దూలాలకు తాళ్ళు కట్టుకుని బయటికి దిగింది. లోపల ఒకరు పగులు దగ్గర టార్చి పట్టుకుని నిలబడాలి. ఈసారి గాలి లేదు. డ్రోను తేలేదు. పంపడానికి ఇంకెవరూ లేరు. ఎక్కాను. ఆ అరవై రెండు మెట్లూ నాకు ఆరువందల ఇరవై. ప్రతి మెట్టూ మధ్యలో అరిగి, చెంచాలా గుంట పడింది. పట్టుకోవడానికి ఒక తడిసిన తాడు. ఇంట్లో దేవుళ్ళందరినీ పిలిచి, వాళ్ళయిపోయాక పక్కింటివాళ్ళ దేవుళ్ళను కూడా పిలిచాను.

పగులు దగ్గరికి చేరాను. ఎర్ర గుర్తు సున్నా మీద ముద్దుగా కూర్చుని ఉంది. ప్రాణం లేచొచ్చింది. టార్చి వెలిగించి పగులులోకి పట్టాను. ఆ గోడ నాలుగడుగుల మందం.

వాకీటాకీలో శ్రీలత గొంతు. “అన్నా, టార్చి ఏసిన్రా?”

“వేశాను.”

“కనవడుతుంది.”

“కిటికీలోంచి కదూ?”

“కిటికీ నా కాళ్ళ కింద ఉందన్నా. ఇది రాళ్ళ నడుమలకెళ్ళి వస్తుంది.”

నాలుగడుగుల గోడకు అవతలున్న మనిషికి నా టార్చి కనిపిస్తోంది. నా మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నెత్తి మీదవి ఎటూ తక్కువే. మరి సున్నా ఏమిటి? బిళ్ళను వేలితో తడిమాను. అంచు చుట్టూ కొత్త జిగురు, ఇంకా మెరుస్తోంది. దాని పక్కనే గోడ మీద తెల్లగా ఒక చదరపు మచ్చ, పాత జిగురుది. దాని పక్కన ఇంకోటి. బిళ్ళ ఊడింది. ఎవరో అతికించారు. మళ్ళీ ఊడింది. మళ్ళీ అతికించారు. ప్రతిసారీ సున్నా మీదే, చక్కగా, తిన్నగా. పగులులోకి చిటికెన వేలు పెట్టాను. మొదటి కణుపు దాకా దూరింది.

గడియారం చూశాను. పదకొండుకు ఎనిమిది నిమిషాలు.

గంట మోగితే దూలాలు ఊగుతాయి. దూలాలు ఊగితే ఈ గోడ ఊగుతుంది. ఆ దూలాలకే శ్రీలత వేలాడుతోంది.

“శ్రీలతా, దిగు తల్లీ! ఇప్పుడే దిగు. గోడను ముట్టుకోకు.”

“ఏమైందన్నా?”

“నా రెండేళ్ళ రిపోర్టులూ అబద్ధం.”

“మెల్లగ దిగాలె. తొందరపడితే తాడు గుంజుతది. పది నిమిషాలు పడ్తది” అంది. గొంతులో వెటకారం పోయింది. అది పోవడం నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

నేను దిగాను. దిగడమంటే అది దిగడం కాదు, బావిలో బొక్కెన పడ్డట్టు. పరుగెడితే మెట్లు అదురుతాయేమో, నడిస్తే గంట మోగుతుందేమో. అందుకని కూర్చుని, ఒక్కో మెట్టూ జారుకుంటూ వచ్చాను. చీకట్లో నా ఊపిరి నాకే ఇంకెవరో వెంటపడుతున్నట్టు వినిపించింది. పైనుంచి ఇసకలా ఏదో చొక్కా కాలరులోకి రాలింది. వందల ఏళ్ళ నాటి సున్నం అది.

కింద మిసెస్ ప్రిచర్డ్ ఏప్రన్ కట్టుకుని, గంట తాడు రెండు చేతులతో పట్టుకుని, చేతులు పైకెత్తి ఉంది. కేక వేస్తే ఉలిక్కిపడి లాగేస్తుందేమో. వెళ్ళి ఆవిడ చేతుల్ని తాడుతో సహా గట్టిగా పట్టేసుకున్నాను.

“మిస్టర్ రావ్,” అంది ఆవిడ. “ఈ చర్చిలో నన్నెవరూ ఇలా పట్టుకోలేదు. నా పెళ్ళిలో కూడా.”

“వదలకండి. లాగకండి. పైన ఒక మనిషి వేలాడుతోంది.”

ఇద్దరం ఒకే తాడు పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డాం. బయట బూట్లు గడ్డిని తాకిన చప్పుడు వినిపించేదాకా నేను పట్టు వదల్లేదు. శ్రీలత తలుపులోంచి తల పెట్టి, “బతికే ఉన్న” అంది. ముగ్గురం బయటికి వచ్చి, గోపురం పడినా తగలనంత దూరంలో తడిగోడ మీద కూర్చున్నాం.

“బిళ్ళ ఊడిందా?” అని అడిగాను.

“రెండుసార్లు. నేనే అతికించాను, మంచి జిగురుతో” అంది మిసెస్ ప్రిచర్డ్. “మీరు రాసిందే చేశాను.”

జేబులోంచి నా సూచనల పేజీ తీసింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకుంది. మూడో వాక్యం: ‘ఎర్ర గుర్తు సున్నా మీద ఉండేలా చూసుకోండి.’ మొదటిరోజు అతికించేవాళ్ళకు రాయాల్సిన మాట అది. ఆవిడకు పంపాల్సింది కాదు. ఊడితే ముట్టుకోకుండా నాకు చెప్పండి అనే వాక్యం ఆ పేజీలో ఎక్కడా లేదు.

“అయితే నా వల్లేనా?” అంది.

“కాదు. నేను రావలసింది. రాలేదు.”

“ఎందుకు రాలేదు?”

బైనాక్యులర్లు, డ్రోను, గాలి అన్నీ నోటిదాకా వచ్చాయి. “మెట్లెక్కాలంటే నాకు భయం” అన్నాను. శ్రీలత నావైపు చూసి, మళ్ళీ గోపురం వైపు చూసింది.

మిసెస్ ప్రిచర్డ్ ఆ పేజీని మళ్ళీ జేబులో పెట్టుకుంది. “ఇప్పుడు తాళం వేయిస్తారా?”

“వేయించాలి.”

“ఆదివారం తొమ్మిది మందిమి వస్తాం. తాళం పడితే వాళ్ళు ఇంకో లోయకు పోతారు. ఇక్కడ ఒకసారి మూసినవి మళ్ళీ తెరవరు. స్కూలు తెరవలేదు, పోస్టాఫీసు తెరవలేదు. క్రిస్మస్ దాకా ఆగలేరా, డియర్?”

ఆగొచ్చు. ‘కొంత కదలిక, గమనిస్తున్నాం’ అని రాస్తే సరిపోతుంది. నా పాత సంతకాలు కూడా క్షేమంగా ఉంటాయి. ఆ వాక్యం నా తలలో తయారైపోయి కూర్చుంది కూడా. కానీ ఆవిడ నిలబడి గంట కొట్టే చోటు ఎక్కడో చూశాను. సరిగ్గా పగులున్న మూల కింద.

“ఆగలేనండీ” అన్నాను.

ఆవిడే వెళ్ళి తాళం వేసింది. తాళంచెవి నా చేతిలో పెట్టలేదు, గోడ మీద పెట్టింది. టీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనూ స్కోన్లు అడగలేదు. ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. రెండేళ్ళ సున్నాలూ నమ్మదగ్గవి కావని, అందుకు కారణం నేనని, ఎత్తంటే భయమన్న ముక్కతో సహా. మా బాస్ రెండుసార్లు చదివి, “ఈ చివరి ముక్క అవసరమా?” అన్నాడు. అవసరమేనన్నాను.

ఫిబ్రవరిలో ఒక తుఫాను రాత్రి గోపురం మూల కూలింది. పొద్దున్నే మిసెస్ ప్రిచర్డ్ ఫోన్ చేసింది, అక్టోబరు తరవాత మొదటిసారి. “మిస్టర్ రావ్, పడింది. గంట నేల మీద ఉంది. కింద ఎవరూ లేరు.” “ఎవరూ లేరు” అని మళ్ళీ అంది.

చర్చి ఇంకా మూసే ఉంది. తొమ్మిది మందిలో అయిదుగురు ఆవిడ వంటింట్లో ప్రార్థన చేసుకుంటారట. మిగతావాళ్ళు ఆవిడ చెప్పినట్టే ఇంకో లోయకు పోయారు.

ఇప్పుడు ఏ గేజీ మీద సున్నా కనిపించినా నాకు చెమటలు పడతాయి. కొండల మధ్య ఇన్ని చలికాలాలు చూసిన రాయి ఎంతో కొంత కదులుతుంది. అస్సలు కదలలేదంటే రాతిని కాదు, చూసే మనిషిని అనుమానించాలి. అందుకని ఎవరి ఫొటోలూ తీసుకోను, నేనే ఎక్కుతాను. జిగురును వేలితో తడిమి చూస్తాను. కింద శ్రీలత నిలబడి, “అన్నా, ఇంకా బతికే ఉన్నరా?” అని గంటకోసారి అరుస్తుంది. ఉన్నానని అరుస్తాను. భయం మాత్రం ఒక్క మెట్టు కూడా తగ్గలేదు.