రత్నమ్మ టీచర్ చెప్పిన సాక్ష్యం

మొన్న శనివారం మా బడి హాల్లో, తల్లిదండ్రుల సమావేశంలో, మైకు ఒక్కసారి కీచుమంది. ఒక తండ్రి కొడుకు చేతిలోంచి దాన్ని లాక్కోవడం వల్ల వచ్చిన చప్పుడది. పదో తరగతి అయ్యాక పియుసిలో, అంటే ఇంటర్లో, ఏ గ్రూపు తీసుకుంటావని మేము అడిగింది పిల్లవాణ్ణి. జవాబు తండ్రి చెప్పాడు. "మావాడిది సైన్సే మేడం, ఫిక్స్ అయిపోయింది" అన్నాడు. పిల్లవాడు నేలచూపులు చూస్తూ నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనూ అలాగే నవ్వాను. బెంగళూరు కుందలహళ్ళిలో, పెద్ద కంపెనీల ఉద్యోగుల పిల్లలు చదివే ఆ బడిలో నేను కన్నడం టీచర్ని. తెలుగమ్మాయివి, నీకీ కన్నడం పిచ్చి ఎక్కడిదని అడిగేవాళ్ళకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. అసలు జవాబు చెప్పాలంటే రత్నమ్మ టీచర్ గురించి చెప్పాలి. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

మేము నంద్యాల వైపు నుంచి వచ్చి బొమ్మనహళ్ళిలో స్థిరపడ్డవాళ్ళం. నాన్న ఎలక్ట్రానిక్ సిటీకి కంపెనీ బస్సు నడిపేవాడు. అమ్మ గార్మెంట్స్‌లో కుట్టుపని చేసేది. హార్డ్‌వేర్ షాపు పై అంతస్తులోని అద్దె హాలే మా తెలుగు చర్చి. రత్నమ్మ టీచర్ అక్కడ సండేస్కూలు నడిపేది. మిగతా రోజుల్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. తాతల నాడే బెంగళూరు వచ్చిన కుటుంబం, భర్త లేడు, ఒక్కడే కొడుకు. ఆ కొడుకు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం చేస్తున్నాడని మాకందరికీ తెలుసు. ఆవిడకు నవ్వడం తక్కువ, మెచ్చుకోవడం ఇంకా తక్కువ. పిల్లల్ని ప్రశ్న అడిగితే వెనక నుంచి తల్లులు జవాబు అందించేవాళ్ళు. అప్పుడు మాత్రం ఆవిడకు కోపం వచ్చేది. "ఆ బిడ్డకూ నోరుండాది కదమ్మా, నువ్వు ఊరికే కూచో" అనేది. మా అమ్మకు ఈ చీవాట్లు లెక్కలేనన్ని సార్లు పడ్డాయి.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉండేది. పదో తరగతి ఫలితాలు వచ్చాక వచ్చే ఆదివారం, పాసైన పిల్లలు ముందుకొచ్చి తాము ఏం చదవబోతున్నారో సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. పాస్టరయ్య, పెద్దలు తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అందరూ ఆమెన్ అంటారు. పేరుకు పిల్లల సాక్ష్యమే గానీ చెప్పేది మాత్రం తండ్రులు. ఒకసారి చెప్పాక మార్చడానికి లేదు, ఎందుకంటే అది దేవుని ముందు ఇచ్చిన మాట. ఆ విధంగా మా సంఘంలో ఎంతమంది ఇంజినీర్లు, నర్సులు అయ్యారో, ఎంతమంది మధ్యలో ఆగిపోయారో ఎవరూ ఆరా తీయలేదు.

నాకేమో ఆర్ట్సు తీసుకుని, ఐచ్ఛికంగా కన్నడం చదవాలని ఉండేది. ప్రభుత్వ బడిలో కన్నడ మీడియంలో చదివినదాన్ని. నాకు కలలు కూడా ఆ భాషలోనే వచ్చేవి. ఇంట్లో మాట ఎత్తగానే నాన్న చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. "యాడ్నుంచో ఈడికొచ్చి, ఈ ఊరోల్లకే వాళ్ళ బాస నేర్పుతావా? ఊరందరిదీ ఒక దారయితే ఉలిపికట్టెది ఒక దారంట. సైన్సు తీసుకో. డాక్టరు కాకపోతే నర్సన్నా అయితావు." నాన్న మాటలో కాఠిన్యం లేదు, భయమే ఉంది. అది అప్పుడు నాకు తెలియలేదు. ఏడ్చుకుంటూ టీచర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఓదార్చలేదు. "శనివారం నాతో రా, బయట భోంచేద్దాం" అంది. ఆవిడ హోటల్లో తింటుందనే నేను ఎప్పుడూ అనుకోలేదు.

రెండు బస్సులు మారి కుందలహళ్ళిలోని ఒక చిన్న ఆంధ్రా మెస్‌కు వెళ్ళాం. చల్లమిరపకాయలు వేగుతున్న పొగకు నాకు దగ్గు ఆగలేదు. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి వడ్డిస్తున్నాడు. అందరినీ నవ్విస్తూ పలకరిస్తున్నాడు, మా బల్ల దగ్గర మాత్రం నోరు మెదపలేదు. టీచర్ కూడా తలెత్తలేదు. చివర ఆవిడ అడగకుండానే ఇంకో గరిటె పెరుగు వేసి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ పెరుగన్నం మెతుకు మిగలకుండా తిన్నది. తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"వాడే నా కొడుకు దానియేలు."

నేను హైదరాబాదు అనబోయి ఆగిపోయాను.

"వంటపని నేర్చుకుంటా, హోటల్ కోర్సులో చేర్పించుమా అనె. నేను నవ్వితి. సంఘంలో లేచి నిలబడి ఇంజినీరు అయితాడని చెప్తి. వానికి ఆ చదువు ఎక్కలే. చర్చికొస్తే చాలు, అందరూ ఎన్నో సెమిస్టరప్పా అని అడిగేది. మొదట చర్చికి వచ్చేది మానేశె, తరువాత ఇంటికి. నెలకొకతూరి పోయి తినొస్తా. మాట్లాడడు. పొమ్మని కూడా అనడు."

నాకు ఏం చదవమనీ చెప్పలేదు.

ఆ ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను పక్కన నిలబెట్టుకుని చెప్పాడు. "మా పాప కరుణ సైన్సు తీసుకుంటాది. రోగులకు సేవ చేసే పనిలో పెడతామని దేవునికి మాటిస్తాండాము." స్తోత్రం అన్నారు అందరూ. నేను నేల చూస్తూ నవ్వాను. పాస్టరయ్య చేయి నా తల మీదికి వచ్చింది. అప్పుడు ఆడవాళ్ళ వరుసలోంచి రత్నమ్మ టీచర్ లేచింది.

"కొంచెం నిలపండయ్యా. ఇదే జాగాలో నిలబడి మా దానియేలు ఇంజినీరు అయితాడని నేను చెప్తి. మీరంతా ఆమెన్ అంటిరి. వాని నోరు నేనే మూసేస్తి. వాడు హైదరాబాదులో లేడు. ఈ ఊర్లోనే ఉండాడు, నాతో మాట్లాడడు. తప్పు వానిది కాదు, నాది. ఈ పాపను అడగండి. పాప చెప్పినాక చేయి పెట్టండి."

పాస్టరయ్య నా వైపు తిరిగి అడిగాడు. కన్నడం చదువుతాను, టీచరవుతాను అన్నాను. ఆమెన్ అన్నవాళ్ళు సగమే. నాన్న చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. కాలేజీ తెరిచిన రోజు మాత్రం "రా, బస్సు పోతాది" అంటూ తనే స్టాపు దాకా వచ్చి నన్ను ఎక్కించాడు.

నాకు దారి దొరికింది. ఆవిడకే ఉన్నది పోయింది. ఇన్నేళ్ళు దేవుని ఇంట్లో అబద్ధం చెప్పిందని గుసగుసలు మొదలయ్యాయి. కొత్త సంవత్సరం రాగానే, ఇక మీరు విశ్రాంతి తీసుకోండమ్మా అని ఎంతో మర్యాదగా సండేస్కూలు వేరేవాళ్ళకు అప్పగించారు. ఆవిడ వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టింది. దానియేలు అన్నకు జరిగింది చెప్పనా అని ఒకసారి అడిగాను. "వద్దు" అంది. "వాణ్ణి మళ్ళా తెచ్చుకునేదానికి చెప్తిననుకుంటాడు. నేను నీ కోసం చెప్తి." మళ్ళీ తనే, "నీ కోసమేనా అంటే, నాకూ తెలీదు" అంది.

నేను బి.ఇడి. చదువుతుండగా ఆవిడకు జబ్బు చేసింది. ఆస్పత్రి, ఇల్లు అంటూ తిరుగుతుండగానే పోయింది. కొడుక్కి కబురు చెప్పడానికి నేనే కుందలహళ్ళి వెళ్ళాను. పొయ్యి ఆర్పి, ఉన్నపళంగా నా వెంట వచ్చాడు. సమాధుల దొడ్డి దాకా వచ్చి గేటు బయటే ఆగిపోయాడు. లోపల ప్రార్థన జరుగుతోంది. మన్ను వేయడానికి రమ్మని పిలిచాను.

"నేను రాకూడదు. హైదరాబాదులో ఉండానని అమ్మ అందరికీ చెప్పిండాది కదా, నా చెవికీ వచ్చె. ఇప్పుడు నన్ను ఈ బట్టల్లో చూస్తే, పోయినాక కూడా అమ్మ అబద్ధాలకోరు అయిపోతాది" అన్నాడు.

ఆ ఆదివారం గురించి అక్కడే, గేటు దగ్గరే, మొత్తం చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అయినంక కూడా నెలనెలా వచ్చె కదా. ఒక్క మాట చెప్పలే. నేనూ అడగలే" అన్నాడు. తర్వాత లేచి లోపలికి వచ్చాడు. అందరూ చూస్తుండగానే తల్లి మీద మన్ను వేశాడు.

ఆవిడ నాకేం ఇచ్చిందని ఆలోచిస్తే ఈ ఉద్యోగం గుర్తుకు వస్తుంది. పిల్లలు జవాబు వెతుక్కునేటప్పుడు తొందరపెట్టని అలవాటూ ఆవిడదే. మొన్న కూడా ఆ తండ్రి కూర్చున్నాక మైకు మళ్ళీ పిల్లవాడికే ఇచ్చి, వాడు నోరు తెరిచేదాకా నిలబడ్డాను. కానీ నేను నిజంగా మోస్తున్నది వేరే ఉంది. బడి అయ్యాక ఎప్పుడైనా ఆ మెస్‌కు వెళ్తాను. జనం పలచబడ్డాక దానియేలు అన్న వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. "ఆ పొద్దు అమ్మ ఏం చెప్పె, ఇంకోతూరి చెప్పు పాపా" అంటాడు. నేను చెబుతాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట తగ్గించను. తప్పు వానిది కాదు, నాది అనే చోటికి వచ్చేసరికి నేను మంచినీళ్ళ గ్లాసు అందుకుంటాను. ఆయన తొందరపెట్టడు. నేను ఆ మాట పూర్తి చేసేదాకా అలాగే కూర్చుని ఉంటాడు.