ప్రత్తిపాడు రోడ్డు మీద మరిగే తారు

ఈ రోజు పొద్దున గుంటూరు వెళ్తుంటే ప్రత్తిపాడు దాటాక మా బస్సు ఆగింది. ముందు రోడ్డు వేస్తున్నారు. డబ్బాతో మరిగే తారు పోస్తున్న ఒకావిడ కంకర మీద జారిపడింది. తారు ఆమె మోచేతి దాకా ఒలికి అతుక్కుపోయింది. కేక విని మేమంతా దిగాం. పక్కనున్న కూలీ గోనెపట్టాతో తుడవబోయాడు.

"లాగొద్దు, చర్మం ఊడొస్తుంది! నీళ్ళు పొయ్యండి" అని మా బస్సులోని నర్సు ఒకామె అరిచింది. అందరం సీసాలతో నీళ్ళు పోశాం.

మేస్త్రీ వచ్చి, "ఇట్టాంటియ్యి మామూలేనండి. మందు రాస్తాం, మీరెళ్ళండి" అన్నాడు.

డ్రైవరుకు మండింది. "ఏరా, నీ చేతి మీద పడితే ఇట్టాగే అంటావా?" అంటూ ఆమెను బస్సెక్కించి నేరుగా గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మిరపయార్డు దగ్గర దిగాల్సిన రైతులు కూడా మధ్యలో ఆపమనలేదు.

దారిలో ఆమె నర్సును ఒకే మాట అడిగింది: "రేపు పన్లోకి రానిస్తారంటావా అమ్మా?"

నర్సు ఇంకో సీసా మూత తీసి ఆమె చేతి మీద నీళ్ళు పోసింది.

ఆ రోడ్డు ఇంకా వెయ్యరేమని రోజూ తిట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వేసేవాళ్ళ చేతులకు కనీసం తొడుగులిమ్మని ఎవరిని అడగాలో మాత్రం నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.