మిరపచేలో నేనాడిన అబద్ధం

యాభై అయిదు ఎన్నికల్లో మా వాళ్లే గెలుస్తారని అందరూ అనుకున్నారు. మా వాళ్లంటే ఎర్రజెండా వాళ్లు. అవతలి పక్షం కూడా లోలోపల అదే అనుకుంటోందని నా భర్త చెప్పేవాడు. ఆయన పార్టీ కార్యకర్త. పెళ్లయిన రెండో ఏడు తండ్రితో తెగతెంపులు చేసుకుని, పర్చూరుకు దగ్గర్లో ఒక ఊరి చివర తాటాకిల్లు చూశాడు. నన్ను అక్కడ దింపి సైకిలెక్కి ఊళ్లు తిరిగేవాడు. వారానికోసారి వచ్చి బట్టలు మార్చుకుని వెళ్లేవాడు.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. గుంటూరులో స్కూలు ఫైనలు దాకా చదివాను. రైతుల ఇళ్ల ఆడవాళ్లు నన్ను పేరంటాలకు పిలిచేవాళ్లు కాదు. పగలంతా ఒక్క గొంతూ వినపడక, బావి దగ్గర చేదతో కావాలని చప్పుడు చేసేదాన్ని.

ఎన్నికలొచ్చాక నాకో పని దొరికింది. అవి మిరపకోతల రోజులు. కోతకొచ్చే ఆడవాళ్లకు పార్టీ పత్రిక చదివి వినిపించమన్నాడు ఆయన. పొద్దున్నే వాళ్లతో పాటు సాలు పట్టి కాయలు కోసి, అన్నాల వేళ గట్టు మీద కూర్చుని చదివేదాన్ని. ఆ ముఠాకు పెద్ద ఒక ముసలావిడ. క్రైస్తవుల పల్లె నుంచి ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చేది. చదువు రాదు కానీ బైబిలు సగం నోటికి వచ్చు. మొదట్లో నన్ను 'అమ్మగారూ' అనేది. ఆవిడ గిన్నెలో గోంగూర అన్నం రెండు ముద్దలు తిన్నాక 'అమ్మాయీ' అనడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే ఆ పిలుపు కోసమే నేను చేలోకి వెళ్లేదాన్ని. రాజకీయం ఆ తర్వాతే.

ఒకరోజు ఆవిడ కొంగుముడి విప్పి, మడతలు పడ్డ కాగితం తీసింది.

"నిన్న పల్లెలో పంచిపెట్టారు. ఇదేందో చదువమ్మాయీ."

అది అవతలి పక్షం కరపత్రం. మాస్కోలో అచ్చయ్యే అక్కడి పార్టీ పత్రిక మన ప్రధానమంత్రిని మెచ్చుకుంటూ రాసిందట. దాన్నే తెలుగులో వేశారు. చదువుతూ మధ్యలో ఆగిపోయాను. మాస్కో గొప్పదనం ఆ గట్టు మీద కూర్చుని ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు.

"మీ పెద్దోళ్లే ఆయన్ని మెచ్చుకుంటుంటే, ఆయన పార్టీకి ఓటెయ్యొద్దని నువ్వెట్టా చెబుతావు?" అంది.

అందరూ తినడం ఆపి నావైపు చూశారు. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

"ఇది దొంగ కాగితం అవ్వా. వాళ్లే రాసుకుని మాస్కో పేరు పెట్టారు."

"నిజంగానా?"

"నీమీద ఒట్టు."

ఆవిడ కాగితం చింపేసింది. "ఇన్నారుగా, దొంగ కాగితమంట" అని ముఠాతో చెప్పి సాల్లోకి దిగింది.

రెండ్రోజుల తర్వాత నా భర్త వచ్చాడు. అడిగాను.

"నిజమే. రాశారు. వాళ్ల దేశం అవసరాలు వాళ్లవి" అన్నాడు.

"నేను అబద్ధమని ఒట్టు పెట్టాను."

"మంచిపని చేశావు. పోలింగయ్యేదాకా అదే చెప్పు." సైకిలు టైరు నొక్కి చూసుకుంటూ అన్నాడు.

మర్నాటి నుంచి చేలోకి వెళ్లాను కానీ పత్రిక తీసుకెళ్లలేదు. నిజం చెబుదామని మాట నోటిదాకా వచ్చేది. ఆవిడ 'అమ్మాయీ' అనగానే ఆ మాట మళ్లీ లోపలికి వెళ్లిపోయేది.

ఓట్లు పడ్డాయి. మా వాళ్లు ఊహించని విధంగా ఓడిపోయారు. ఊరేగింపుకు మాట్లాడుకున్న మేళం వాళ్లు వచ్చి, కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్లిపోయారు. నా భర్త చాలా రోజులు ఇంటికి రాలేదు.

ఫలితాలొచ్చాక మొదటి ఆదివారం నేనొక్కదాన్నే పల్లెకు వెళ్లాను. చర్చి అయిపోయి, ముసలావిడ గుమ్మంలో కూర్చుని ఉంది.

"అవ్వా, ఆ కాగితం నిజమే. నేను చదివినప్పుడు నాకు తెలియదు. తెలిశాక కూడా చెప్పలేదు."

"ఓట్లకు ముందే మా బడి పంతులు చెప్పాడు."

"మరి నన్నడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశా. పక్క సాల్లోనే ఉన్నావుగా."

ఓటు ఎటు వేసిందో అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"పార్టీకో పెట్టె పెట్టిన కాడ నేనొక్కదాన్నే ఉన్నా. ఎందులో ఏశానో నా కొడుక్కి కూడా చెప్పలేదు" అంది. తర్వాత లేచి చాప దులుపుకుంది. "ఎండెక్కుతుంది. ఇంటికెళ్లండి అమ్మగారూ."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని దారంతా అనుకున్నాను.

ఆ వేసవిలోనే టీచరు ట్రైనింగుకు అర్జీ పెట్టాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక గదిలో ఉండి చదివాను. తర్వాత చీరాల దగ్గర బళ్లో ఉద్యోగం వచ్చింది. నా భర్త ఎప్పటిలాగే వచ్చిపోతుండేవాడు. మేమిద్దరం ఆ కరపత్రం సంగతి మళ్లీ ఎత్తలేదు.

అరవై నాలుగులో పార్టీ రెండుగా చీలింది. ఒకే కంచంలో తిన్నవాళ్లు ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవారు. ఆయన ఒక వైపు, స్నేహితులు చాలామంది రెండో వైపు. అప్పుడిక ఆయన ఇంటి పట్టున ఉండటం మొదలుపెట్టాడు. ఆదివారాలు వరండాలో కుర్చీ వేసుకుని, ఎవరైనా వస్తారేమోనని వీధి చూస్తుండేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. నాతో మాట్లాడాలని ఉండేది ఆయనకు. నాకు మాత్రం అప్పటికి ఇంట్లో మాట్లాడే అలవాటు పోయింది. కాఫీ పక్కన పెట్టి, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకోవడానికి లోపలికి వెళ్లేదాన్ని.