ఒక్క రోజు దూరం

రాష్ట్రం వచ్చిన కొత్తలో మా బాపు నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌లో హమాలీ. బస్తా ఎత్తినప్పుడల్లా ఛాతీ పట్టేస్తోందన్న సంగతి దాచి దాచి, చివరికి ఒకరోజు మార్కెట్‌లోనే కూలబడ్డాడు. నల్గొండ డాక్టరు చూసి, హైదరాబాద్‌లో గుండె స్కానింగ్ చేయించుకోమన్నాడు. అప్పుడు నేను తొలి కాన్పుకు పుట్టింట్లో ఉన్నాను.

వెంట పోయిన అన్న వచ్చి చెప్పాడు. చేతి నరంలోకి కొంచెం అణుధార్మిక మందు ఎక్కించి, అది గుండెలో ఎక్కడెక్కడికి చేరిందో కెమెరాతో చూస్తారట. మందు చేరని చోటికి నెత్తురూ చేరడం లేదని అర్థం. దాన్నిబట్టి ముందుముందు ఎంత ప్రమాదముందో తెలుస్తుందట. అంతా అయ్యాక, బయటికొచ్చేటప్పుడు మాత్రం ఒక మాటన్నారట: రేపటిదాకా కడుపుతో ఉన్నవాళ్లకూ చిన్నపిల్లలకూ దూరంగా ఉండమని.

ఇంటికొచ్చినా బాపు గడప దాటి లోపలికి రాలేదు. అరుగు మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు.

“బిడ్డా, దగ్గరికి రాకు. గా మందు ఇంక నా ఒంట్లనే ఉన్నది.”

అమ్మ చాయ్ తెస్తే వేరే గ్లాసులో పోయించుకుని, తానే కడిగి అరుగు మూలన బోర్లించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. మా వాడవాళ్లకు వేరే గ్లాసు పెట్టిన హోటల్లో, వయసులో ఉండగా ఆ గ్లాసును నేలకేసి కొట్టి వచ్చిన మనిషి!

“ఒక్క దినమే అన్నరు గద బాపు! గీ గ్లాసేంది, గీ అరుగేంది?”

“ఊకో బిడ్డా. జర దూరమే మంచిది.”

ఆ రోజు గడిచింది. వారమూ గడిచింది. నేను పక్కన కూర్చోబోతే లేచి వాకిట్లోకి జరిగేవాడు.

ఇంతలో రిపోర్టు వచ్చింది. గుండెలో చాలా భాగానికి నెత్తురు సరిగా అందడం లేదు, పెద్ద నొప్పి ఎప్పుడైనా రావచ్చు, ఆలస్యం చేయకుండా యాంజియో చేయించాలన్నారు. బాపు ససేమిరా అన్నాడు.

“మల్ల మందెక్కిస్తరు, మల్ల దూరముండుమంటరు. నీ బిడ్డను అందరికంటె ముందు నేనెత్తుకోవాలె. గదైనంక పోదం.”

యాంజియోకు ఎక్కించేది వేరే మందని, దూరముండే పనే లేదని అన్న చెప్పాడు. డాక్టరుతో ఫోన్‌లో చెప్పించాడు.

“పోయినసారి గూడ అంతా అయినంకనే చెప్పిండ్రు గద,” అన్నాడు బాపు.

ఒక్క రోజే దూరమన్న ఆ ముక్క ముందే, నిమ్మళంగా, ఆయనకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

స్కానింగ్ చెప్పిందే అయింది. ఒక మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద ఒరిగినవాడు మళ్లీ లేవలేదు.

కడుపుతో ఉన్నది శవాన్ని చూడొద్దని పెద్దవాళ్లు నన్ను వెనక గదిలో కూర్చోబెట్టారు. బయట డప్పులు మోగుతున్నాయి. “ఒక్కసారి ముట్టుకోనియ్యుండ్రి!” అని మొత్తుకున్నాను. మేనత్త నన్ను గట్టిగా పట్టుకుని, “జర దూరమే మంచిది బిడ్డా,” అంది. అచ్చం ఆయన మాటే.

నల్గొండ దవాఖానాలో నాకు ఆడపిల్ల పుట్టింది. నర్సు బట్టలో చుట్టి తెచ్చి, “ముందుగాల ఎవరెత్తుకుంటరు?” అని అడిగింది.

ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారు, అందరికంటే ముందు ఎత్తుకుంటానన్న బాపు తప్ప. ఒక్కరూ చెయ్యి చాపలేదు.