ముందు బెంచీకి ఇద్దరు

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే కర్నూలుకు బయలుదేరిన రోజు రాజంపేట స్టేషన్లో మా నాయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

"ఆడ ఎవురేమన్నా నోరు తెరవాకు అమ్మీ. సీటు దొరికేదాకా మూగదాన్ననుకో," అన్నాడు.

ఆయన మా పల్లె చర్చిలో ఉపదేశి. ఆదివారం వస్తే గంటసేపు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడే మనిషి నన్ను మూగదాన్ని కమ్మంటే నవ్వొచ్చింది. సరేలే నాయనా అన్నాను.

ఇంటరు మద్రాసులో మిషను వాళ్ల ఆడపిల్లల కాలేజీలో చదివాను. ఆ తర్వాత మిషను సాయం ఆగిపోయింది. కర్నూలు అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కొత్తగా రాజధాని అయింది. అక్కడ మాకు తెలిసిన పాస్టరుగారు వాళ్లింట్లో ఓ మూల చోటిస్తామన్నారు. నాకు కావలసింది ఒక్కటే, బి.ఏ. చరిత్ర గ్రూపు. ఆ పట్టా ఉంటే హైస్కూల్లో చరిత్ర చెప్పుకోవచ్చు. లేకపోతే మా పల్లె బడిలో ఒకటో తరగతికి అ ఆలు దిద్దించుకుంటూ ఉండిపోవాలి. మా అమ్మ ఆ పని చేస్తూనే ముసలిదైపోయింది. ఆ గదిలోకి మళ్లీ నేను పోకూడదని మొండిపట్టు పట్టుకుని ఉన్నాను.

గుంతకల్లులో ఒకసారి, ద్రోణాచలంలో ఒకసారి బండి మారి కర్నూల్లో దిగాం. అబ్బ, ఏం ఊరది! ఎటు చూసినా డేరాలు, దుమ్ము, కాగితాల కట్టలు మోసుకుపోయే బంట్రోతులు. అరుగు కనిపిస్తే చాలు, ఎవరో ఒక గుమాస్తా ట్రంకు పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. రాజధాని అంటే నేనేదో అనుకున్నాను.

కాలేజీలో నోటీసు అతికించి ఉంది. వేరే యూనివర్సిటీల నుంచీ, వేరే కాలేజీల నుంచీ బి.ఏ.లో చేరడానికి వచ్చినవాళ్లు పదకొండు గంటలకు హాల్లో కూర్చోవాలి, ప్రిన్సిపాలుగారు కాలేజీ పద్ధతులు చెబుతారు. అంతవరకు ఆడపిల్లలు లేడీస్ రూములో ఉండాలి. నా సర్టిఫికెట్లు గుమాస్తాకు ఇవ్వడానికి మా నాయన వెళ్లాడు. నేను ఆ రూములోకి వెళ్లాను.

అందులో నా ఈడు పిల్ల ఒకతి, పక్కన వాళ్ల నాయన. తెల్లటి తలపాగా, చేతిలో వెండి పొన్ను కర్ర. రాయచోటి పక్క భూములున్న రెడ్లు. ఆ పిల్ల అనంతపురంలో మేనమామ ఇంట్లో ఉండి ఇంటరు చదివిందట, తనదీ చరిత్ర గ్రూపేనట. ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"యాడోళ్లమ్మా మీరు? మీ నాయనేం జేస్తాడు?"

"రాజంపేట దగ్గరండీ. చర్చిలో ఉపదేశి."

"ఓహో," అని బయట వరండాలోకి పోయి నిలబడ్డాడు.

ఆ పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మూలనున్న కుండలో గ్లాసు ముంచి ఆమెకిచ్చాను. మద్రాసు హాస్టల్లో రెండేళ్లు ఎవరికి దాహమైతే వాళ్లం అలాగే ముంచుకునేవాళ్లం. ఆమె గటగటా తాగి, "ఇంగొకటి ఇయ్యి మే," అంది. నేనూ తాగాను. పది నిమిషాల్లో మేం ఎన్నేళ్ల నుంచో తెలిసినవాళ్లమైపోయాం. ఒకే నోట్సు రాసుకుందాం అనుకున్నాం.

హాల్లో మగపిల్లలు నలభై మంది దాకా ఉన్నారు. ఆడపిల్లలం మేమిద్దరమే, ముందు బెంచీ మీద. పెద్దవాళ్లు గోడ పక్కన నిలబడ్డారు. ప్రిన్సిపాలుగారు బి.ఏ.కు ఏ పరీక్షలుంటాయో, హాజరు ఎంత ఉండాలో చెప్పి, చివర మావైపు తిరిగారు. ఆడపిల్లలు తమ రూములోనే ఉండాలి. గంట కొట్టాక లెక్చరరు వచ్చి ఆ గుమ్మం ముందు నిలబడతారు, ఆయన వెనక నడిచి క్లాసుకు పోవాలి, ఆయన వెనకే తిరిగి రావాలి. ఒంటరి ఆడపిల్లను క్లాసులో కూర్చోబెట్టే ఆనవాయితీ ఇక్కడ లేదు, తక్కువలో తక్కువ ఇద్దరుండాలి. ఈసారి ఇద్దరున్నారు గనక చరిత్ర గ్రూపులో సీట్లు ఇస్తున్నాం. లైబ్రరీలోకి మాత్రం ఆడపిల్లలు రాకూడదు. కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాసిస్తే బంట్రోతు తెచ్చిస్తాడు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నారు.

ఎందుకడగాలి ఆ మాట? అడిగాక నేనెందుకు ఊరుకోవాలి? మా నాయన దూరం నుంచి తల అడ్డంగా ఊపుతున్నా లేచాను.

"సార్, లోపలికి పోయి చూడకుండా ఏ పుస్తకం కావాలో మాకెట్లా తెలుస్తుంది? ఏం పేరు రాయాలి చీటీలో?"

వెనక బెంచీలు దడదడ మోగాయి. ఎవడో ఈల వేశాడు. ప్రిన్సిపాలుగారి ముఖం కందగడ్డ అయింది. "కూర్చో" అన్నారు. పక్కనున్న పిల్ల బెంచీ కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అంతే జరిగింది. మధ్యాహ్నం ఫీజు కడదామని ఆఫీసు కిటికీ దగ్గరికి పోతే గుమాస్తా తలెత్తలేదు. ఆ పెద్దాయన తన కూతురి టి.సి. వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడని చెప్పాడు. నేను పరుగెత్తి రోడ్డు దాకా వచ్చాను. జట్కా అప్పటికే మలుపు తిరిగింది.

ప్రిన్సిపాలుగారు మా నాయనను కూర్చోమని కూడా అనలేదు. "మీ అమ్మాయి అందరి ముందు అట్లా లేచి వాదిస్తే, పరువు గల తండ్రి ఎవడు తన బిడ్డను ఆ పక్కన కూర్చోబెడతాడు? ఇంకొక ఆడపిల్ల చేరితే చూద్దాం. పదిరోజులు ఆగండి," అన్నారు.

పది రోజులు ఆగాను. పొద్దున్నే పాస్టరుగారింట్లో సంగటి తిని, ఆ దుమ్ములో నడిచివచ్చి, లేడీస్ రూములో కూర్చునేదాన్ని. ఇంటరు ఆడపిల్లలు వాళ్ల లెక్చరరు వెనక వెళ్లిపోయేవాళ్లు. చరిత్ర లెక్చరరు మా గుమ్మం ముందు నుంచే పోయేవారు, ఆగేవారు కారు. గోడ అవతల ఆయన పాఠం వినిపించేది, మాటలు తెలిసేవి కావు. కొత్త పిల్ల ఎవరైనా వస్తుందేమోనని గేటు వైపు చూసి చూసి నా కళ్లు కాయలు కాశాయి. ఎవరూ రాలేదు.

పదకొండో రోజు టి.సి. తీసుకున్నాం. నడవడి ఎదురుగా 'సంతృప్తికరం' అని రాశారు. నాకు ఒళ్లు మండింది, కానీ ఏం మిగిలిందని అరవను? బండిలో మా నాయన కిటికీ వైపు తిరిగి, "నోరు తెరవాకని చెప్పినా గదమ్మీ," అన్నాడు, ఒక్కసారి, మెల్లగా. తిట్టినా బాగుండేది.

ఆ పిల్ల చదువు కూడా నేనే చెడగొట్టానన్నది నన్ను ఇంకా ఎక్కువ తినేసింది. ఆ రోజుతో నోరు కట్టేసుకున్నాను. టీచరు ట్రైనింగు అయ్యాక మా అమ్మ బడిలోనే, అదే గదిలో, ఒకటో తరగతి. ఇన్‌స్పెక్టరు ఏమన్నా అవునండీ. అత్త ఏమన్నా అవునత్తా. మొగుడు కొట్టిన రోజు కూడా నోరెత్తలేదు. ఎంత నెమ్మదస్తురాలో అని ఊరంతా మెచ్చుకుంది.

ఇరవై ఏళ్లు దాటాక ఒక మధ్యాహ్నం కడప స్టేషన్లో ఒకామె నా ముందు ఆగి, "నువ్వు చీటీ పిల్లవు కాదా మే?" అంది. తల సగం నెరిసింది గానీ, చెయ్యి పట్టుకోగానే గుర్తుపట్టాను. మళ్లీ కాలేజీ ముఖం చూడలేదట, ఆ ఏడే పెళ్లి చేశారట. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నన్ను క్షమించు తల్లీ. నా నోటి వల్ల నీ చదువు పోయింది," అన్నాను. ఇన్నేళ్లుగా అనుకుంటున్న మాట.

ఆమె నన్ను వింతగా చూసింది.

"నీ నోరేం జేసింది మే? నువ్వు అడిగినేది మా నాయనకు శానా నచ్చింది. జట్కాలో పోతా, 'సరిగ్గా అడిగిందిరా ఆ పిల్ల' అని నవ్వినాడు. అది కాదు. నువ్వు కుండలో గ్లాసు ముంచి నాకిచ్చినావు సూడు, అది వరండాలో నుంచి చూసినాడంట. ఇంటికాడ వాకిట్లోనే తలకు నీళ్లు పోసి గానీ నన్ను లోపలికి రానీలే."

మా పల్లెలో అయితే వాళ్ల కుండ దరిదాపులకు కూడా పోయేదాన్ని కాదు. దోసిలి పట్టి దూరంగా నిలబడేదాన్ని. మద్రాసులో రెండేళ్లు ఉండి ఆ సంగతే మరిచిపోయాను.

ఆమె బండి వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, ఏదైనా చెప్పమన్నట్టు నా వైపు చూసింది. నా తప్పేమీ లేదని తెలిసింది కదా, ఇక అడగొచ్చు, అరవొచ్చు, ఆ పెద్దాయనను కడిగేయొచ్చు. నోరు తెరిచాను. ఎంత వెతుక్కున్నా ఒక్క మాట దొరకలేదు. బండి కదిలిపోయేదాకా ఆమె చూస్తూనే ఉంది, నేను తల ఊపుతూనే ఉన్నాను.